అంగుళానికి ఏడాది

ఇంటి వెనక పెరడు. పట్టాల మీద నడిచే చిన్న కోత మిషను. దాని మీద, గాలివానకి కూలిన చెట్టు తాలూకు దుంగ. ఇటు తండ్రి, అటు కూతురు. తల్లి లోపల, కిటికీ పక్కన మంచం మీద ఉంది.

“ఆపు నాన్నా, ఆపు! ఇంజను ఆపమంటుంటే!”

“ఏమైందే? బ్లేడుకి మేకేమైనా తగిలిందా?”

“మేకూ లేదు, పాడూ లేదు. ఆ హ్యాండిలు ఎంతకి తిప్పావో ఓసారి చూసుకో.”

“చూసే తిప్పాను. అంగుళం.”

“అంగుళమా? బల్ల చెక్క అంగుళానికి కోస్తావా? రెండంగుళాలకి తగ్గితే అది బల్ల కాదు, అట్టముక్క అని ఊరంతా చెప్పుకు తిరిగింది ఎవరు?”

“అదప్పుడు.”

“ఇప్పుడేమైంది?”

“ఇప్పుడు... దుంగ అంత పెద్దది కాదుగా. అంగుళమైతే పలకలు ఎక్కువొస్తాయి.”

“ఎక్కువ పలకలు ఏం చేసుకుంటాం? అమ్మ అడిగింది ఒక్క భోజనాల బల్ల.”

“నీళ్ళ డబ్బా చూడు. బ్లేడు మీద చుక్క పడటం లేదు.”

“పడుతోంది. మాట దాటెయ్యకు.”

“ఎవరు దాటేస్తున్నారు? నువ్వు ఆ బిగింపు చూసుకో. దుంగ దొర్లిందంటే ఇద్దరి కాళ్ళూ పోతాయి.”

“బిగించే ఉంది. ఇంజనూ ఆగే ఉంది. చెప్పు.”

“నిన్ను పిడుగా పిడుగా అని పిలిచి తప్పు చేశానే. నిజంగానే నెత్తిన పడుతున్నావ్.”

“పడతాను. అంగుళం చెక్క ఏమవుతుంది నాన్నా? వంగి వంగి దోనెలా తయారవుతుంది. మీద గ్లాసు పెడితే జారి ఒళ్ళో పడుతుంది. ఇదంతా నువ్వు నేర్పిందే.”

“నేర్పాను. ఇంకోటి కూడా నేర్పాను. అది మర్చిపోయావ్.”

“ఏంటది?”

“పచ్చి చెక్క ఎండటానికి ఎంత కాలం పడుతుంది?”

“అంగుళానికి ఏడాది.”

“మరి రెండంగుళాలకి?”

“రెండే... నాన్నా.”

“ఊఁ.”

“పోనీ, వేడి బట్టీలో పెట్టి ఆరబెట్టిస్తే?”

“బట్టీవాణ్ణి అడిగొచ్చాను. మొన్న నీకు చెప్పకుండా వెళ్ళింది అక్కడికే. ఇంత వెడల్పు పలకని తొందరపెడితే నిలువునా చీలుతుంది, నా చేతులతో నేను పాడు చెయ్యలేనన్నాడు. పని తెలిసినవాడు, ఏమంటాను?”

“అందుకని అంగుళం.”

“అది కూడా ఎండేదాకా ఆగను. ఇవాళ కోస్తాను, రేపు చిత్రిక పడతాను, పచ్చి మీదే కాళ్ళు బిగించేస్తాను. రెండంగుళాలది పచ్చిగా బిగిస్తే వెంటనే పగుళ్ళిస్తుంది. పల్చటిదైతే కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. ఆదివారానికల్లా మీ అమ్మ దాని ముందు కూర్చుంటుంది.”

“అతుకులు వదిలేస్తాయి.”

“వదలనీ.”

“వంగిపోతుంది.”

“వంగటానికీ టైము పడుతుందిగా. అప్పటికి...”

“అప్పటికి?”

“ఏం లేదు. ఇంజను వేస్తున్నా, పక్కకి జరుగు.”

“అప్పటికి ఏంటి నాన్నా? సగంలో మింగకు.”

“మెల్లిగా. కిటికీ తీసుంది.”

“డాక్టరు ఏం చెప్పాడు నీకు?”

“నువ్వూ పక్కనే ఉన్నావుగా.”

“నన్ను మందుల షాపుకి పంపాక ఏం చెప్పాడని అడుగుతున్నా.”

“నిన్ను పంపాక ఏదో చెప్పాడని... అలా ఎందుకనుకుంటున్నావ్?”

“మందులు కొనుక్కుని వచ్చేసరికి నువ్వు ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నావ్. చెప్పులు చేతిలో ఉన్నాయి. వేసుకోవాలని కూడా తోచలేదు నీకు. ఇంక నాకు వేరే ఎవరైనా చెప్పాలా?”

“మరి ఒక్క మాటైనా అడగలేదేం?”

“అడిగితే చెప్పేస్తావని.”

“...అందుకేనా నాతో కలిసి తినడం మానేశావ్?”

“నేనా మానేసింది? కంచం పట్టుకుని షెడ్డులోకి పోయేది నువ్వు!”

“నువ్వు వంటింటి గట్టు దగ్గర నిలబడే నాలుగు ముద్దలు మింగేస్తావ్. నేను వస్తే గిన్నెలు తోమటం మొదలుపెడతావ్.”

“ఎదురుగా కూర్చుంటే ఏడుస్తానని. నీ మొహం చూస్తే ఆగదు నాన్నా.”

“నాకు మాత్రం ఆగుతుందా పిచ్చిదానా.”

“అమ్మకి తెలీదుగా?”

“తెలీదు. వట్టి నీరసం, టానిక్కు తాగితే తగ్గిపోతుందని చెప్పాను. నమ్మింది. నమ్మబట్టేగా బల్ల కావాలని ముచ్చటపడింది! ఇన్నేళ్ళలో నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగిన మనిషేనా? ఆ ఒక్కటీ చేసిపెట్టలేకపోతే ఇంక ఈ మిషను ఎందుకు, నేనెందుకు?”

“సరే.”

“ఏంటి సరే?”

“అంగుళానికే కొయ్యి. అటు చివర నేను పట్టుకుంటా. ముందు కళ్ళు తుడుచుకో, గీత కనపడదు.”

“పొట్టు పడిందే.”

“ఇంజను ఆగి ఇంతసేపైంది, పొట్టెక్కడిది? ఇటు తిరుగు, నేను తుడుస్తా.”

“ఏవండీ!”

“అయ్యో, నాన్నా, అమ్మ లేచొచ్చేస్తోంది! ఆ మెట్టు దిగలేదు, పట్టుకో!”

“నువ్వెందుకు లేచావే? కిటికీలోంచి కేకేస్తే మేమే వచ్చేవాళ్ళంగా!”

“మిషను చప్పుడు ఆగిపోయిందేంటా అని వచ్చాను. పిడుగా, నన్నలా ఆ మొద్దు మీద కూర్చోబెట్టు. ఆఁ, చాలు. ఎంతకి కోస్తున్నారు?”

“అంగుళానికమ్మా. తేలిగ్గా ఉంటుందని.”

“తేలికెందుకు? బల్లని చంకనేసుకుని తిరుగుతామా? రెండంగుళాలకి కొయ్యండి.”

“అలా అయితే ఆలస్యమవుతుందే. ఆదివారానికల్లా నువ్వు దాని ముందు కూర్చోవాలని...”

“మీతో సమానంగా పలకలు మోసినదాన్ని. ఎండటం సంగతి నాకు చెప్తారా? రెండేళ్ళు పడుతుంది. తెలుసు.”

“తెలిసీ రెండంగుళాలంటావేంటే?”

“ఆ రోజు ఆస్పత్రి నుంచి ఇంటిదాకా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చిన మనిషి టానిక్కు అంటే నమ్మేస్తానా?”

“అమ్మా...”

“ఏడవకే. మీరూనూ. ఇలా ఇద్దరూ ఒకచోట నిలబడి ఏడిస్తే బానే ఉంది, ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళు ఏడవకండి. మంచాన పడ్డదానికి చూడటం తప్ప పనేముంది? కంచం పట్టుకుని మీరు షెడ్డులోకి, అది వంటింట్లోకి. రోజూ చూస్తూనే ఉన్నా.”

“బల్ల వస్తే ముగ్గురం కలిసే తింటాంగా. దానికేగా నా తొందర! నువ్వు అడిగిన ఒక్క కోరికా...”

“అడిగాను. నా కోసమని ఎప్పుడు చెప్పానండీ?”

“మరి?”

“నేను పోయాక మీరిద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటారని అడిగాను.”