కొయ్యబోయిన ఓడకే కావలి కాసిన మా బావ

సభకి అధ్యక్షత వహిస్తున్న రేవు అధికారిగారికి, ముందు వరసలోని పెద్దలకి, వెనక కూర్చుని టీ ఎప్పుడిస్తారా అని తలుపు వైపే చూస్తున్న మా గజ ఈతగాళ్ళకి, మా అక్కకి నమస్కారాలు. బావగారికి కూడా. సభ కాబట్టి 'గారు' అంటున్నాను, ఇంటికెళ్ళాక ఉండదు. (నవ్వులు)

బావ వీడ్కోలు సభలో మా వారసత్వ శాఖ తరఫున నన్ను మాట్లాడమన్నారు. శాఖ చెప్పాల్సిందంతా పెద్దలు చెప్పేశారు కాబట్టి, నేను మరదలిగా నాలుగు ముక్కలు చెబుతాను.

మన రేవు గోడకి కూతవేటు దూరంలో, తాతల కాలంలో కుట్టుమిషన్లు వేసుకుని వస్తూ రాయికి కొట్టుకుని మునిగిన సరుకుల ఓడ మీకందరికీ తెలిసిందే. మనుషులంతా పడవల్లో బయటపడ్డారు, ఓడ ఒక్కటే అక్కడ ఉండిపోయింది. మా బావ ఆ రోజుల్లో మునిగిన ఇనుము కోసి అమ్మేవాడు. ఓడని కొయ్యడానికి అనుమతి తెచ్చుకుని, లోపల ప్రతి గదీ తడిమి చూసుకుని, కోత సామానంతా పడవకెక్కించి, సముద్రం నెమ్మదిస్తే చాలని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని మా శాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు కోసం కాళ్ళరిగేలా తిరిగింది నేనే. తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టిందీ నేనే.

"కూతురిలా చూసుకున్నందుకు నా నోటి దగ్గర కూడు లాగేశావు కదమ్మా" అన్నాడు. అంతే, మళ్ళీ మా గడప తొక్కలేదు. అక్క మాత్రం కూరగాయలకని బయల్దేరి మా ఇంటికొచ్చి, ఓ ఏడుపు ఏడ్చి, ఉత్త సంచీతో వెళ్ళిపోయేది. (అక్కా, అలా చూడకు, ఇవాళైనా చెప్పనీ.)

ఓడని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో ఈతగాళ్ళు రావడం మొదలైంది. ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి తోటివాళ్ళని వదిలి సరుకు గదిలోకి దూరింది. కాళ్ళ తాకిడికి బురద లేచింది. మావాళ్ళు దిగి, చాచిన చెయ్యి కనపడక గుమ్మం దగ్గర్నుంచే తిరిగొచ్చారు. గట్టు మీద బావ తన పడవ ఇంజను విప్పుకుంటున్నాడు. పరిగెత్తాను. "బావా" అంటూ ఓడ వైపు చెయ్యి చూపించాను.

"ఇప్పుడు గుర్తొచ్చానా?" అంటూనే గాలి సిలిండరు భుజానికెత్తుకున్నాడు.

ప్రాణాలతో తీసుకొచ్చాడు. పడవ అంచున కూర్చుని, అందరూ వినేలా నాతో, "నన్ను కొయ్యనిచ్చుంటే ఈ పిల్లకి ఈ గతి పట్టేదా?" అన్నాడు. నేను ఆ పిల్లకి దుప్పటి కప్పుతున్నాను.

ఆ వారమే రేవు పెద్దలూ మా శాఖవాళ్ళూ సమావేశం పెట్టారు. ఇంత ప్రమాదమైన ఓడ మనకెందుకు, తీయించేద్దాం అని చాలామంది అన్నారు. బావని పిలిచి అడిగారు. ఔనంటే చాలు, ఓడ ఆయనదే. నేను తల దించుకుని కూర్చున్నాను.

ఆయన లేచాడు. "ఆస్పత్రికెళ్ళి ఆ పిల్లని పలకరించానండీ. నన్నేమడిగిందో తెలుసా? మళ్ళీ ఎప్పుడు తీసుకెళ్తారంది! మిషన్లు సగమే చూసిందట. నేను అన్నిసార్లు దిగి ఇనుము బరువు తప్ప ఇంకోటి చూళ్ళేదు. లోపల దారి పొడుగునా తాడు కట్టండి. వచ్చినవాళ్ళని నేను తీసుకెళ్తా."

"మరి కొయ్యడం సంగతి?" అన్నారు అధ్యక్షులు.

"అది తర్వాత చూద్దాం" అన్నాడు. (నవ్వులు) ఆ సాయంత్రమే చెప్పాపెట్టకుండా మా వంటగదిలోకొచ్చి పీట వాల్చుకుని, "ఏం వండావ్?" అన్నాడు. నాకు గరిటె ఎక్కడ పెట్టానో కనపడలేదు.

అప్పట్నుంచి ఎందరినో లోపలికి తీసుకెళ్ళాడు, అందరినీ క్షేమంగా తీసుకొచ్చాడు. ఎంతటివాడైనా సరే, తనకంటే ముందు గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. ఇప్పుడు చెవులు పాడయ్యాయి, ఇంక దిగొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఆఖరిసారి దిగిన రోజు, ఆయన దగ్గరే దిగడం నేర్చుకున్న నన్ను వెంట రమ్మన్నాడు. సరుకు గది గుమ్మం దగ్గర పక్కకి జరిగి, నన్ను ముందు వెళ్ళమని సైగ చేశాడు. వెళ్ళాను. వెనకే వచ్చాడు.

పైకొచ్చాక, "ఏంటి బావా, ఇవాళ నన్ను ముందు పంపావు?" అన్నాను.

"రేపట్నుంచి నేనుండను కదా, ఎలా వెళ్తావో చూద్దామని."

"ఎలా వెళ్ళాను?"

"బానే వెళ్ళావు. కాళ్ళు కాస్త నెమ్మదిగా ఆడించు."

అలాగే బావా. నెమ్మదిగానే ఆడిస్తాను.

ఇంతసేపూ ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. వెనక వరస వాళ్ళకి టీ వచ్చినట్టుంది. నేనింక సెలవు తీసుకుంటాను.