హన్మంతు ఫోటోలోని పహిల్వాన్

నాందేడ్‌లో మధ్యాహ్నం లోడ్‌షెడ్డింగ్ మొదలైందంటే రామదాస్ చాయ్ హోటల్‌కు గిరాకీ, దాని పక్కనున్న హన్మంతు ఫోటో స్టూడియోకు సెలవు. కంప్యూటర్ ఆగిపోతుంది, ప్రింటర్ ఆగిపోతుంది, ఫ్యాన్ ఆగిపోతుంది. ఆగనిది హన్మంతు నోరొక్కటే. దానికి కరెంటుతో పనిలేదు.

రెండు దుకాణాలకూ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్కల అడ్డం. దానికి ఇవతల, స్టూడియో వెనకగదిలో, హన్మంతు భార్య భాగ్యవతి కాలిమిషను మీద జాకెట్లు కుడుతూ ఉంటుంది. అవతల ఎవరేం మాట్లాడినా ఆమె చెవిన పడాల్సిందే. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి కోతలకు ఆమె అలవాటు పడిపోయింది. ఆయన చెప్పినదాంట్లో ముప్పాతిక తీసేసి మిగిలింది వింటుంది. ఆ రోజు మాత్రం మిషను ఆపి మరీ విన్నది, ఎందుకంటే ఆయన ఎత్తుకున్నది ఆ ఫోటో సంగతి.

అదేం ఫోటో అంటే, ఎదురుగా వీడియో గేముల దుకాణం నడిపే వైభవ్‌కు ఒక పిచ్చి ఉంది. గేములో ఉండే మనిషిలాగా వేషం కట్టాలి, ఆ మనిషి కథంతా ఒక్క ఫోటోలో కనబడాలి. దాన్ని కాస్‌ప్లే అంటారట. పుణెలో దానికి పోటీ కూడా పెట్టారు. వైభవ్ ఎంచుకున్న గేములో కథ చిన్నదే. కోట కాలిపోయింది, రాజు పారిపోయాడు, దర్వాజ దగ్గర ఒక్క కావలివాడు మిగిలాడు. ఇంక ఇంటికి పోవచ్చని అతనికి చెప్పేవాళ్ళు లేరు, అందుకని అక్కడే కూర్చుంటాడు. అతని కవచాన్ని భాగ్యవతే కుట్టింది. ఆటో సీట్లకు వేసే నల్ల రెగ్జిన్, దాని కింద ఫోము, తలకు పాత మోటర్‌సైకిల్ హెల్మెట్, ముఖానికి అడ్డంగా అట్ట, కళ్ళ దగ్గర రెండు సందులు, చేతిలో కత్తి.

తీరా ఫోటో తీసే రోజు వేషం వేయాల్సిన వైభవ్ దోస్తుకు జ్వరం ముంచుకొచ్చింది. వైభవ్ అతణ్ణి దవాఖానకు తీసుకుపోయాడు. గోదావరి ఘాట్ దగ్గర పొద్దు దిగిపోతోంది. కనీసం లైటన్నా చూసుకుందామని హన్మంతు ఆ కవచాన్ని, దాన్ని సర్దడానికి వెంట వచ్చిన భార్యకే తొడిగాడు. పెళ్ళి ఫోటోల అలవాటు కొద్దీ, ముఖమే కనబడని మనిషిని "జర నవ్వు" అన్నాడు కూడా. ఆమె నవ్వలేదు. ఆ ఉక్కలో నిలబడలేక మెట్టు మీద కూలబడి, కత్తి ఒళ్ళో పడేసుకుని, చేతులు రెండూ వదిలేసింది. పుట్టినూరు గోకుందలో తన తల్లి శివవ్వ పత్తి ఏరే కూలి నుంచి వచ్చి గడప మీద అచ్చం అట్లాగే కూర్చునేది. లోపలికి పోతే ఇంకో పని ఉంటుందని తెలిసి, లేవబుద్ధి కాక, అట్లాగే ఉండిపోయేది. అది గుర్తొచ్చి భాగ్యవతికి దుఃఖం పొంగుకొచ్చింది. సరిగ్గా అప్పుడే హన్మంతు బటన్ నొక్కాడు. తరవాత ఆ ఫోటోను మొగుడూ పెళ్ళాలిద్దరూ మళ్ళీ మళ్ళీ చూసుకున్నారు.

పోటీకి ఆ ఫోటోనే పోయింది. వేషంలో ఎవరున్నారని వైభవ్ అడిగితే, ఎవరో దొరికాడులే అన్నాడు హన్మంతు. పెళ్ళానికి మగవేషం వేయించాడని నలుగురూ నవ్వుతారని ఆయన భయం. పోనీలే అని ఆమె కూడా ఊరుకుంది.

ఇప్పుడు చెక్కల అవతల, ఏం లేదు, ఒక మంచి ఫోటో తీశానంతే అని తగ్గించే మొదలుపెట్టాడు హన్మంతు. తాలీంలో కుస్తీలు పట్టే గజానన్ చాయ్ ఊదుకుంటూ, వేషంలో ఉన్నదెవరని అడిగాడు. అంతే, డ్యాము గేటు ఎత్తేసినట్టయింది.

"ఎవరా? కొల్హాపూర్ పహిల్వాన్. ఆరడుగులు. ఆరడుగులంటె కూసున్నప్పుడు. లేస్తె ఎంతుంటడో నాకెరికలేదు, నా మెడ అంత దూరం లేవలే. కవచం చూస్తె క్వింటాల్ ఇనుము, మోండ మార్కెట్ నుంచి నలుగురు హమాలీలను పిలిపిచ్చి ఎక్కిచ్చిన."

భాగ్యవతి తన ఒంటి వంక చూసుకుంది. సిటీబస్సులో పైకమ్మీ కూడా అందని మనిషి ఆమె.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మూడ్ రావాలె. మొఖమే కనవడకపోతె మూడ్ యాడికెళ్ళి అస్తది? అక్కడ్నే ఉంటది ఫోటోగ్రాఫర్ పనితనం. చెవుల చెప్పిన, భయ్యా, నీ కోట కాలిపోయిందన్న. ఏడువలే. నీ రాజు పారిపోయిండన్న. ఏడువలే. నీ బర్రె గూడ పోయిందన్న. ఇగ సూడు, హెల్మెట్ నిండి మెడకాడికెళ్ళి నీళ్ళు కారుడు షురువైంది. గోదావరి ఒక మెట్టు పైకచ్చింది."

"ఎండకాలంలనా?" అన్నాడు రామదాస్.

"ఎండకాలంలనే. ఇంక విను. గోదావరి దాటే పాత పుల్ మీద సిటీబస్సు ఆగింది. డ్రైవర్ దిగిండు, కండక్టర్ దిగిండు, సవారీలంత దిగి చెప్పులిడిసి నిలబడ్డరు. ఎవరన్న సచ్చిపోయిండ్రా అని అడిగితె, మాకెరికలేదు గని ఏడుపస్తుందన్నరు. నేను బటన్ మీద ఏలు వెట్టి సూర్యుని దిక్కు చూసిన. జర ఆగుమన్న. ఆగిండు. ఆ దినం నాందేడ్‌ల ఏడింటికి మునగాల్సిన పొద్దు తొమ్మిదింటికి మునిగింది."

అందుకేనా ఆ దినం నా చాయ్ అంత అమ్ముడుపోయింది అని రామదాస్ సాగదీశాడు. గజానన్ మాత్రం గ్లాసు పట్టుకుని నోరు వెళ్ళబెట్టాడు. ఇవతల భాగ్యవతికి నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది కూడా. ఇంతమందిని ఏడిపించిన ఆ ఫోటోలో తనకు గోరంత చోటు కూడా మిగల్లేదు.

ఇంతలో వైభవ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయాసంతో మాట సరిగ్గా రావటం లేదు.

"అన్నా, పుణెకెళ్ళి ఫోన్ అచ్చింది. మన ఫోటోకే మొదటి నంబర్. ఆదివారం నాడు ఆ వేషంలనే, ఆ మనిషే స్టేజీ మీదికి రావాలెనంట. టికెట్లు ఆళ్ళే తీస్తరు. నీకు దొరికినాయన యాడున్నడు?"

భాగ్యవతి మిషను దగ్గర్నుంచి లేచింది. పక్క జిల్లా పర్భణీ దాటి ఆమె ఏనాడూ పోలేదు. తను కూర్చున్న తీరు చూడ్డానికి పుణెలో జనం రమ్మంటున్నారు. ఆమెకు పోవాలని ఉంది. పోవాలని ఉందని తెలిసి ఆమెకే ఆశ్చర్యమైంది. చెక్కలకు చెవి ఆనించి, ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని ఎదురుచూసింది.

అవతల హన్మంతు దగ్గాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆయన లేడు వైభవ్. ఫోటో తీసినంక ఆ మూడ్‌లకెళ్ళి బయటికి రాలే. ఎంత లేపినా లేవలే. ఆఖరికి లేసి సక్కగ హిమాలయాలకు పోయిండు. సన్యాసం పుచ్చుకున్నడు."

హోటల్ మొత్తం బిత్తరపోయింది. వైభవ్ బెంచీ మీద కూలబడి, మనిషి లేకపోతే ఆ అవకాశం రెండో నంబర్ వాళ్ళకు పోతుందని ఏడుపు మొహం పెట్టాడు. అప్పుడు గజానన్ లేచి, వేషం ఉంది కదా, హెల్మెట్ పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది, నేను పోతానన్నాడు. హన్మంతుకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"నువ్వే పో గజానన్. ఊకె కూసునుడే గదా. నేను నేర్పిస్త."

ఊకె కూసునుడే గదా. పహిల్వాన్‌ను సహించింది, బర్రెను సహించింది, హిమాలయాలను కూడా సహించింది. ఈ మాట మాత్రం భాగ్యవతికి మింగుడు పడలేదు. మేకుకు వేలాడుతున్న కవచాన్ని దించింది.

కాసేపటికి వీధివైపు నుంచి హోటల్ ముందుకు ఒక ఆకారం వచ్చింది. నల్ల కవచం, ముఖానికి అట్ట, చేతిలో కత్తి, కవచం కింద నుంచి ఆకుపచ్చ చీరకుచ్చెళ్ళు. ఎవరితోనూ మాట్లాడకుండా మెట్టు మీద కూర్చుని, కత్తి ఒళ్ళో పడేసుకుని, రెండు చేతులూ వదిలేసింది. రామదాస్ పోస్తున్న చాయ్ గ్లాసు నిండి బల్ల మీదికి పారుతోంది, ఆయనకు తెలియటం లేదు. వైభవ్ లేచి నిలబడ్డాడు. ఫోటోలో ఉన్న మనిషి కళ్ళముందుంది.

హన్మంతు మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా నాలుక ఊరుకోలేదు.

"చూసిండ్రా, హిమాలయాలకెళ్ళి దిగచ్చిండు" అన్నాడు.

ఆకారం హెల్మెట్ తీసింది. చెమటకు బొట్టు కారి ముక్కు మీదికి వచ్చింది, వెంట్రుకలు చెంపలకు అంటుకుపోయాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బర్రె ఏడిపిచ్చిందన్నవ్, బస్సు ఆగిందన్నవ్, సూర్యున్నే ఆపిన అన్నవ్" అంది భాగ్యవతి. గొంతు పెంచలేదు. "ఇన్ని కోసినోనికి, నా పెండ్లాం అని చెప్పతందుకు నోరు రాలేదా?"

నవ్వుతారని హన్మంతు భయపడిన నలుగురూ అక్కడే ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు. గజానన్ తల దించుకుని బెంచీ చివరికి జరిగాడు. వైభవ్ తేరుకుని, మీరేనా వదినా అన్నాడు, మళ్ళీ మీరేనా అన్నాడు. తరవాత హన్మంతు వైపు తిరిగి, టికెట్ ఎవరి పేరు మీద తియ్యమనాలని అడిగాడు.

హన్మంతు కండువా అంచు వేలికి చుట్టుకున్నాడు. ఆయనకు మాట దొరక్కపోవటం ఆ హోటల్‌లో అంతకుముందు ఎవరూ చూడలేదు.

"భాగ్యవతి పేరు మీద" అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ. "ఫోటోల ఉన్నది నా పెండ్లాం."

భాగ్యవతి హెల్మెట్ చంకన పెట్టుకుని లేచింది.

"ఇంకొక్కసారి చెప్పు" అంది. "గజానన్‌కు వినవడలే."