ఇరుసు మీద మాట

మదురైలో చిత్రై తిరునాళ్ళు. కుంపిణీ వాళ్ళు వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. దక్షిణ మాసి వీధి చివర, మలుపుకు ముందు, మధ్యాహ్న పూజ కోసం అమ్మవారి తేరు ఆగింది. చక్రం కింద కట్ట అనే చెక్క దిమ్మె పెట్టి తేరును నిలిపే అళగిరిసామి నాయక్కరు తన చోట కూర్చొని ఉన్నాడు. అతని కొడుకు కందసామి వడం, అంటే తేరు తాడు, లాగేవాళ్ళలో ఒకడు. కోడలు సంతానలక్ష్మి గంజి ముంతతో వచ్చింది.

"నాకొద్దు తల్లీ. కందసామికి పోయ్. వడం లాగేవాడు వాడు."

"ఆయనకు పోసే వస్తిని మామా. మీరు తాగండి."

"తాగినాడా?"

"పోసినాను."

"పోసినావు, సరే. తాగినాడా అని అడుగుతుండాను."

"ఎండ చూడండి మామా, ఎట్ల కాస్తుందో. తేరు మళ్ళీ ఎప్పుడు లాగుతారు?"

"కొమ్ము ఊదితే. ఈ మలుపొకటి దాటిస్తే నాకు ఊపిరి ఆడుతుంది. ఏడాదంతా ఈ మలుపే కలలో వస్తుంది నాకు."

"ఈ పొద్దు లాగకపోతే?"

"ఏం మాట అది? అమ్మ పెళ్ళి చేసుకొని ఊరేగుతుంటే నడివీధిలో నిలబెడతారా?"

"వడానికి పట్టుకొచ్చిన పక్క ఊరోళ్ళు ముగ్గురు పోయినారు మామా."

"యాడికి పోయినారు? తాలూకా సేవకులు వదిలినారా?"

"వైగై ఏటి ఒడ్డుకు. మోసుకొని పోయినారు. వాంతి, బేది. రాత్రి బాగుండినోళ్ళు, తెల్లవారేసరికి లేరు."

"మెల్లగా మాట్లాడు."

"ఏంటికి మెల్లగా? అందరికీ తెలుసు. తాలూకా సేవకులకూ తెలుసు. బెత్తాలు పట్టుకొని వడానికి అటొకడు, ఇటొకడు నిలబడుండారు. లేచినోడి వీపు మీద పడుతుంది. తేరు దాని చోటికి చేరేదాకా ఎవడూ వడం వదలకూడదంట. దొర చూడడానికి వస్తాడంట."

"ఉత్తరువు. మనమేం చేస్తాం?"

"మీరు చెయ్యగలరు."

"నేనా?"

"ఇరుసు పగిలింది అని చెప్పండి."

"ఇరుసు బాగుండాది కదా!"

"ఒక్క మాట మామా. కట్ట వేసే పెద్దనాయక్కరు చెప్తే తేరు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. మనుషుల్ని వదిలేస్తారు."

"లచ్చిమీ, ఈడనుంచి పో. నా ముందర నిలబడొద్దు."

"పోను."

"నాయక రాజుల నాటి నుంచి ఈ కట్ట మన ఇంట్లో ఉండాది. ముందు మా తాత, తరువాత మా నాయన. నేను నలభై మూడేళ్ళు వేస్తిని. తేరు ఎక్కి అమ్మ కూర్చొనుండాది, పైన, చూడు. ఆమె కింద కూర్చొని అబద్ధం ఆడమంటావా?"

"ఆడమంటాను."

"ఎవరి కోసం? పక్క ఊరోళ్ళ కోసమా? పాపం, నాకూ జాలే. అయితే..."

"పక్క ఊరోళ్ళ కోసమే అనుకోండి."

"నా ముఖం చూసి చెప్పు. కందసామి కంజి తాగినాడా?"

"తాగినాడు."

"తాగి?"

"కడుపులో నిలవలేదు మామా."

"ఎన్నిసార్లు?"

"పొద్దు పొడిచినప్పటి నుంచి. నేను లెక్క పెట్టలేదు. లేవలేడు. వడం మీద తల పెట్టి పడుకొనుండాడు. నిద్ర పోతున్నాడనుకొని సేవకుడు కాలితో తన్నినాడు."

"ముందే చెప్పరాదా!"

"మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. చెయ్యి వణికితే కట్ట జారుతుందంట. కట్ట జారితే ముందర ఉండే పిల్లాజెల్లా చస్తారంట. మా నాయన చెయ్యి వణకనియ్యొద్దు అన్నాడు."

"అన్నాడా, ఆ మాట?"

"మామా, తేరు లాగించే పేష్కారు వస్తుండాడు. నేను పోతాను. మీరే చూసుకోండి."

"యాడికి పోతావు, ఉండు. నా పక్కనే నిలబడు."

"ఏమయ్యా నాయక్కరూ, పూజ అయిపోయింది. కొమ్ము ఊదమంటాను, సిద్ధమేనా?"

"సామీ..."

"సూర్యుడు దిగేలోపల తేరు నిలయానికి చేరాలి. దొరగారి గుర్రం బయలుదేరిందని వర్తమానం వచ్చింది. ఊఁ, లే."

"లాగకూడదు సామీ."

"ఏమిటి?"

"ఇరుసు... ఇరుసు పగిలింది."

"ఎక్కడ?"

"కుడి పక్క. చక్రం తిరిగేటప్పుడు శబ్దం విన్నాను."

"పొద్దున విని ఇప్పుడు చెప్తావా? ఈ ఆడమనిషి ఎవరు?"

"నా కోడలు సామీ. కంజి తెచ్చింది."

"కంజి తెచ్చిందా, మాట తెచ్చిందా? చూడు నాయక్కరూ, ఈ మూడు రోజుల్లో నా దగ్గరికి వచ్చి జ్వరమన్నవాడున్నాడు, తల్లి చచ్చిందన్నవాడున్నాడు. ఇరుసన్నవాడివి నువ్వొక్కడివే. ఎవరక్కడ, తేరు వడ్రంగి కల్యాణసుందరం ఆచారిని పిలవండి. ఆయన కిందికి దూరి చూస్తాడు. పగుల్లేదా, ఇదే తేరు ముందు నీకు ఇరవై నాలుగు దెబ్బలు. తరువాత కట్ట వేరే ఇంటికి పోతుంది. ఇప్పుడు చెప్పు. పగిలిందా?"

"పగిలింది సామీ."

"అమ్మవారి మీద ఒట్టేసి చెప్పు."

"సామీ, ఆయన పెద్దవారు..."

"నువ్వు నోరు మూసుకో. నాయక్కరూ, పైకి చూసి చెప్పు."

"అమ్మ మీద ఆన. పగిలింది."

"సరే. ఆచారీ, దూరు. కుడి పక్క చూడు."

"దూరుతుండాను సామీ. ఈ తోరణాలు కొంచెం ఎత్తి పట్టమనండి."

"మామా, ఈ కంజి ఒక గుక్క తాగండి."

"ఇప్పుడు వద్దు. పేష్కారు చూస్తుండాడు."

"ఏం ఆచారీ, ఇంతసేపా? కుడి పక్క ఏముంది?"

"ఉండండి సామీ."

"ఉందా, లేదా?"

"ఉండండి అంటిని కదా! ఎవరూ తేరును తాకొద్దు."

"బయటికి వచ్చి చెప్పు."

"వచ్చినాను. పగిలింది సామీ. పైనుండే పూజారి అయ్యవార్లను దించండి, ఒకరి తరువాత ఒకరు, మెల్లగా. ముందర జనాన్ని తీసేయండి. కొమ్ము ఊదేవాణ్ణి యాడైనా దూరంగా పొమ్మనండి."

"దొరగారికి ఏమని చెప్పను నేను?"

"నాలుగు రోజులు కావాలని చెప్పండి. ఇప్ప మాను తేవాలి, చెక్కాలి. ఆ నాలుగు రోజులూ వడం దగ్గర వీళ్ళతో నాకు పని లేదు."

"ఛీ! వదిలేయండి. వడం వదిలేయమనండి అందరినీ!"

పొద్దు వాలేసరికి వీధి ఖాళీ అయింది. చక్రం పక్క నాయక్కరు, ఆచారి ఇద్దరే మిగిలారు.

"కందసామి ఎట్లుండాడు ఆచారీ?"

"సత్రం అరుగు మీద పడుకోబెట్టినాము. ఉప్పు వేసిన కంజి చుక్క చుక్కగా పోస్తుండాది మీ కోడలు. ఇందాక పోసింది నిలిచింది. మిమ్మల్ని అడిగినాడు."

"నేను ఏ ముఖంతో పోయేది? అమ్మ మీద ఆన పెట్టి అబద్ధం చెప్పినోణ్ణి. నాకోసం నువ్వూ ఆ పాపంలో దిగితివి. నీకు ఏంటికయ్యా ఇదంతా?"

"మీ కోడలు పొద్దున్నే వచ్చి నా కాళ్ళ మీద పడింది నాయక్కరూ. మీ కంటే ముందు నా దగ్గరికే వచ్చింది. మా మామ చెప్పినా చెప్పకపోయినా నువ్వు చెప్పన్నా అనింది. సరే అంటిని. అబద్ధం చెప్పడానికే కిందికి దూరితిని."

"ఆ పాపం నాది. నీది కాదు. నేనే మోస్తాను."

"కుడి పక్క ఏమీ లేదు నాయక్కరూ. ఎడమ పక్కకు చెయ్యి పోనిస్తిని. తోరణాల వెనక, ఇరుసు పగులులోకి నా రెండు వేళ్ళూ మొదలంటా దిగిపోయినాయి."