ఖాళీ కుర్చీ

రాజాంలో పటాలు కట్టే దుకాణం. కాలేజీలో చరిత్ర చెప్పే ఆవిడ తన రెండు పటాల కోసం వచ్చింది.

“అయ్యో, ఈ అద్దానికి బొట్టెందుకు పెట్టారండీ?”

“దీపాలెట్టుకుని కూకున్నారు కదా మేడమ్, దేవుడి పటమనుకున్నాను. తుడిసెయ్యమంటారేటి?”

“తుడిచెయ్యండి. దేవుళ్ళు కాదు, యూరప్‌లో ఒక యూదుల కుటుంబం. మూడొందల ఏళ్ళ కిందటి అచ్చుబొమ్మకి నకలు. శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టి, వాళ్ళ వారపు పండగ భోజనానికి కూర్చున్నారు.”

“మరి ఈ రెండోది?”

“అదీ యూదుల బొమ్మే.”

“కాదండి బాబూ! ముక్కులు కొక్కేల్లాగున్నాయి. మనుసుల్లాగే లేరు.”

“వెక్కిరించడానికి అలా గీశారు. ఆ రోజుల్లో అలాంటివి బోలెడు అచ్చువేశారు. రెండూ పక్కపక్కన పెట్టి పిల్లలకి చూపిస్తాను. వాళ్ళు వెక్కిరింపునే నమ్ముతారేమోనని భయం.”

“భయమెందుకండి? మొదటి దాన్లో బల్లకి ఇవతల సూడండి. పళ్ళెంలో రొట్టె ఎట్టి ఉన్నాది, కుర్చీ మాత్రం ఖాళీ. అది ఎవలిదంటారు?”

“ఎవరిది?”

“గీసినోడిదండి. ఆ ఇంటోళ్ళు బొట్టెట్టి పిలిసినట్టు పిలిసేరు, తిన్నాడు, గీసేడు. ఆ రెండో బొమ్మ గీసినోడు ఆ గుమ్మమే తొక్కలేదు.”

“బొట్టు తుడిచేశారా?”

“ఇంకా లేదండి.”

“ఉండనివ్వండి.”