రోండా గదిలో అల్మారా

అమెరికాలోని డేటన్‌లో వెండెల్ వాళ్ల ఇల్లు వచ్చే వారం అమ్మకానికి పెడుతున్నారు. వెండెల్ మోకాళ్ల మీద కూర్చుని కూతురి గదిలో కార్పెట్ కోస్తున్నాడు. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“పాడుచేయడం దేనికి? దాని మీదే అల్మారా గోడ నిలబెట్టకూడదూ?”

“ఊగిపోతుందే. అడుగు చెక్క నేలకి ఆనాలి.”

“ఇల్లు అమ్మిపెట్టే ఆ ఏజెంటమ్మ ఒక్క మాటంటే ఎంత చాకిరీ!”

“గోడ అల్మారా లేని గదిని పడకగది కింద లెక్కెయ్యరట. ప్రకటనలో రెండు పడకగదుల ఇల్లనే రాస్తుందట.”

“మరి మన రోండా పద్దెనిమిదేళ్లు పడుకుంది ఎక్కడట?”

వెండెల్ కోసిన కార్పెట్ ముక్కని చుట్టి పక్కన పెట్టాడు.

“బట్టలన్నీ కుర్చీ మీదే కుప్ప. ఒక్క అల్మారా కట్టు నాన్నా అని ఎంత బతిమాలింది!”

“వచ్చే వేసవికి కడతానన్నాగా.”

“ఏటేటా అదే అన్నావు.”

“సర్లే. బట్టల కడ్డీ ఎంత ఎత్తున పెట్టమంటావు?”

ఆమె లోపలికొచ్చి, తన నడుము ఎత్తున గోడకి చెయ్యి ఆనించింది.

“అంత కిందికా? కొనేవాళ్లు నవ్విపోతారు.”

“రోండా మొదటిసారి అడిగినప్పుడు దానికి ఇక్కడిదాకే అందేది.”

వెండెల్ లేచి వచ్చాడు. ఆమె చెయ్యి పక్కనే పెన్సిల్‌తో గీత గీశాడు.

“కొనేవాళ్లకి పైన ఇంకోటి పెడతాలే.”