పాళీదే తప్పు

(పెన్నుల దుకాణం. గాజుబల్లకి ఇవతల తండ్రీ కూతురూ, అవతల దుకాణదారు.)

"...అది కాదు బాబూ, నా మాట పూర్తిగా విను. ఇది ఆ కంపెనీ పెన్ను కాదు. ఆ కంపెనీ పేరు చెక్కిన ఇంకేదో పెన్ను."

"బాబాయిగారూ, మొన్న మీ అమ్మాయి కొన్నప్పుడు సీలు ఆవిడ ముందే విప్పాను. అడగండి."

"విప్పారు నాన్నా. నేను చూశాను."

"సీలుదేముందే తల్లీ! పెన్ను దొంగది చేసినవాడు సీలు చెయ్యలేడా?"

"సరే, ఇదుగో అయస్కాంతం. పాళీకి పెట్టండి. ఇనప పాళీకి బంగారు రంగు పూసి ఉంటే అంటుకోవాలి. అంటుకుందా?"

"అంటుకోలేదు. ఇత్తడీ అంటుకోదు, రాగీ అంటుకోదు. నాకు అయస్కాంతం పాఠం చెప్పకు."

"పోనీ మూత కింద అంకె చూడండి. కంపెనీవాళ్ళు ఇచ్చిన కార్డు మీద కూడా ఇదే అంకె..."

"అంకెలు చెక్కడం ఎంతసేపు! నేను యూనివర్సిటీలో డిగ్రీ పట్టాల మీద పేర్లు రాస్తాను బాబూ. ఉద్యోగమంతా అదే పని. పాళీ కాగితానికి ఆనగానే నా వేలికి తెలిసిపోతుంది. నా పాత పెన్నూ ఇదే కంపెనీది. అది కింద పడి పాళీ వంగబట్టే కదా దీన్ని కొనిపించింది. అది వెన్న మీద పోయినట్టు పోయేది. ఇది గీరుతుంది. నిలువు గీత లాగితే సగంలో వణుకుతుంది."

"పెన్ను వణుకుతుందా?"

"వణుకుతుంది. నవ్వకు."

"నవ్వడం లేదండీ. పెన్ను వణకడం ఇప్పుడే వింటున్నాను. ఒకసారి మీరు రాయండి, నేను చూస్తాను."

"ఇక్కడా? ఇది నిలబడి చేసే పనా?"

"కుర్చీ వేస్తాను."

"బల్ల ఎత్తు కుదరదు. పైగా ఇది గాజు. గాజు మీద కాగితం జారుతుంది."

"అట్ట వేస్తానండీ."

"అట్ట లేదు, గిట్ట లేదు. నువ్వే రాయి. నీ సరుకేగా."

"ఇలా ఇవ్వండి మరి. ...ఇదుగో గీత. ఎక్కడ వణికింది?"

"వేలెడు గీత! వేలెడు గీత పసిపిల్లలు కూడా గీస్తారు."

"అమ్మా, నువ్వు లాగు. ఆ చివర్నించి ఈ చివరికి."

"నేనెందుకండీ..."

"లాగమ్మా. నాన్నగారికి నమ్మకం కుదురుతుంది."

"లాగవే, అంత ఆలోచన దేనికి?"

"...ఇదుగో నాన్నా."

"ఊఁ."

"చూడండి బాబాయిగారూ, తాడు లాగి కట్టినట్టుంది."

"దానిది తేలిక చెయ్యి. నేను ఒత్తి రాస్తాను. ఒత్తితేనే దీని బండారం బయటపడేది. మంచి పాళీ ఒత్తితే విచ్చుకుంటుంది, వదిలితే దగ్గరవుతుంది. ఇది విచ్చుకున్నాక ఎటు పోవాలో తెలీక అల్లాడిపోతుంది. పట్టా అంటే కిరాణా చీటీ కాదు బాబూ. దాని మీద పేరు వంకరపోతే ఆ ఇంటి గోడ మీద ఎప్పటికీ వంకరగానే ఉంటుంది. ఆ ఇంట్లో అదే మొదటి పట్టా అయితే, అక్షరం ముక్క రానివాళ్ళు కూడా రోజూ దాని వంకే చూస్తారు. మా ఇంట్లో మొదటిది దీనిదే. దీని పేరు నేనే రాశాను. ఎలా ఉందో అడుగు."

"ముత్యాల్లా ఉంటుందండీ."

"విన్నావా? అదే చెయ్యి, అదే రాత. మారింది పెన్ను ఒక్కటే. ఇక తప్పు ఎవరిదో నువ్వే చెప్పు."

"నేను చెప్పేదేముంది... ఇంకు పోసిన పెన్ను నేను వాపసు తీసుకోలేనండీ."

"వాపసు తీసుకోమన్నానా? డబ్బు అడిగానా? నకిలీదని ఒక్క మాట ఒప్పుకో. అంతే. ఒక్క మాట."

"లేనిది ఎలా ఒప్పుకోమంటారు?"

"భూతద్దం ఉందా?"

"ఉంది. ఇదుగో."

"ఈ లైట్లు కళ్ళలో పొడుస్తున్నాయి. మెట్ల మీద ఎండలో చూసొస్తాను. పాళీ చీలిక తిన్నగా లేదని చూపిస్తే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను. చూసి రండి."

"మెట్లు జాగ్రత్త నాన్నా. నేనూ రానా?"

"నా కాళ్ళు బాగానే ఉన్నాయి."

"...అన్నయ్యగారూ, ఆయన వచ్చేలోపు ఒక్క మాట. అటు చూడకండి, అద్దంలోంచి కనిపిస్తాం. కింద అరలో ఏదో వెతుకుతున్నట్టు ఉండండి."

"ఏమిటమ్మా?"

"నకిలీదని చెప్పేయండి."

"ఏమిటీ!"

"మెల్లగా! నకిలీదేనని ఒప్పుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నువ్వు కూడానా! ఇందాక గీత లాగింది నువ్వే కదమ్మా, నీ కళ్ళతో నువ్వు..."

"పెన్ను అసలుదేనని నాకు తెలుసు. ఆయన చెయ్యండీ. వణుకుతోంది. పాత పెన్ను దానంతటది కింద పడలేదు, ఆయన చేతిలోంచి జారింది. గడ్డం గీసుకుంటే గాట్లు పడతాయి, బ్లేడు మొద్దంటారు. గ్లాసు జారిపోతే గ్లాసు మరీ నున్నగా ఉందంటారు. బొత్తాలు పట్టకపోతే దర్జీని తిడతారు. మా ఇంట్లో అన్నీ నకిలీవే, ఆయన చెయ్యి తప్ప."

"డాక్టరుకి చూపించలేదా?"

"చూపించాను. తగ్గేది కాదు, పెరిగేదేనని నాతో అన్నారు. ఆయనతో చెప్పబోతే బస్సు వెళ్ళిపోతుందని లేచి వచ్చేశారు. బస్సూ లేదు, ఏమీ లేదు."

"నువ్వే చెప్పొచ్చుగా. కూతురివి."

"'నాన్నా, మీ చెయ్యి...' అన్నాను. అంతే అన్నాను. 'చేతికేమైంది?' అని రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నారు. బెత్తం చూసిన పిల్లాడిలా."

"అయ్యో... అయినా తల్లీ, నేను నకిలీదంటే ఏం ఒరుగుతుంది?"

"రాయడం ఆపుతారు. పట్టాల కట్ట ఇంటికి తెచ్చుకున్నారు. పాడైనవి పరుపు కింద దాచారు. పక్క దులుపుతుంటే బయటపడ్డాయి. అవి ముద్ర పడిన కాగితాలండీ, ఒక్కటి తగ్గినా జవాబు చెప్పుకోవాలి. ఇంకా పాడుచేస్తూ పోతే ఆఫీసులో అందరి ముందూ నిలబెట్టి అడుగుతారు. అది ఆయన తట్టుకోలేరు. నిజంగా తట్టుకోలేరు. నాకు భయంగా ఉంది అన్నయ్యగారూ."

"నకిలీదంటే మాత్రం అడగరా?"

"అడిగితే చెప్పడానికి ఒక మాటుంటుంది. పెన్ను మోసం చేసింది, అందుకే ఇవి పాడయ్యాయి, మంచిది దొరకలేదు, ఇదుగో మీ కట్ట అని ఇచ్చేస్తారు. వాళ్ళు మెషీను మీద కొట్టించుకుంటారు. ఎలాగూ రిటైరయ్యే రోజులే. తలెత్తుకుని ఇంటికొస్తారు. తప్పు పాళీది, ఆయనది కాదు. నాకు అంతే కావాలి."

"ఇది మా నాన్న పెట్టిన కొట్టమ్మా. ఇందులో దొంగసరుకు ఉందని నా నోటితో నేనే..."

"కొట్టు పేరు బయటికి రానివ్వను. పెన్ను నేనే ఉంచుకుంటాను. మళ్ళీ మీ గడప తొక్కను. మీకూ నాన్నగారున్నారు కదండీ..."

"పోయారు."

"...క్షమించండి."

"పరవాలేదు. ఆఖర్లో ఆయనకి చూపు తగ్గింది. ఈమధ్య మంచి బల్బులు రావడం లేదురా అని రోజూ బల్బు మార్పించేవారు."

"మార్చేవారా?"

"మార్చేవాణ్ణి. ఏం చేస్తాం."

"మరి!"

"లేస్తున్నారు. వచ్చేస్తున్నారు."

"చెబుతారా? అన్నయ్యగారూ! చెబుతారా?"

"ముందు కళ్ళు తుడుచుకో."

"...ఇదుగో బాబూ నీ భూతద్దం. ఎండ బాగా ఉంది. చూశాను."

"కూర్చోండి బాబాయిగారూ."

"కూర్చోను. చీలిక తిన్నగానే ఉంది. కొస నున్నగా ఉంది. తిప్పి తిప్పి చూశాను, ఎక్కడా వంక పెట్టడానికి లేదు."

"నాన్నా..."

"నువ్వుండు తల్లీ. నేను ఈయన్ని ఒకటి అడగాలి. బాబూ, నువ్వు బయటివాడివి. ఇదేమో చెప్పదు, నా ముఖం చూసి మింగేస్తుంది. డాక్టరు చెప్పబోతే నేనే నిలబళ్ళేదు. ఇప్పుడు మెట్ల మీద కూర్చుని అనుకున్నాను, ఇంకెన్నాళ్ళు ఈ గొడవ అని. నువ్వేమంటే అది వినేసి, ఇటునించి ఇటే ఆఫీసుకి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని. చెప్పు మరి. పెన్నులో దోషం లేకపోతే, ఇక దోషం..."

"ఉందండీ."

"ఆఁ?"

"దోషం ఉంది. పెన్ను నకిలీదే బాబాయిగారూ."

"అన్నయ్యగారూ, వద్దు, ఆగండి..."

"ఎందుకమ్మా ఆపుతావు, నన్ను ఒప్పుకోనీ. నకిలీదే. నాకు ముందే తెలుసు. పరువు పోతుందని ఇంతసేపూ బుకాయించాను."

"నిజంగానా?"

"నిజంగానే."

"ముసలాడి మీద జాలిపడి అనడం లేదు కదా?"

"జాలేమిటండీ! మా నాన్న మీద ఒట్టు."

"నాన్నా, ఇందాక మీరేదో అన్నారు కదా, ఆఫీసుకి వెళ్దామని... అదే మంచిది నాన్నా. పదండి, ఇద్దరం వెళ్దాం, నేను పక్కనే ఉంటాను..."

"ఇంకా ఆఫీసెందుకే! ఏడుస్తావేమిటే పిచ్చిదానా, విన్నావుగా, నా చేతికేమీ కాలేదు! బాబూ, ఆ కంపెనీది అసలు పెన్ను ఒకటి ఇటు తియ్యి. ఇవాళే కూర్చుని మిగిలిన పట్టాలన్నీ రాసేస్తాను."