ఆలస్యం ఒక్కటే

లేత్ షెడ్డు, మధ్యాహ్నం. మేస్త్రి మెషీన్ దగ్గర ఉన్నాడు. భార్య వచ్చి స్టూలు మీద కూర్చుంది.

“గట్టిగా చెప్పు, ఈ మోతలో వినపడట్లేదు.”

“కొత్త పని ఇస్తే ఎప్పటికిస్తారు అంటున్నా.”

“ఎవరిది?”

“ఎవరిదైతేనేం. తేదీ చెప్పండి.”

“నువ్వెప్పట్నుంచి బేరాలు తెస్తున్నావే! మూడు రోజుల పనైతే వారం చెప్పు. మాటమేస్త్రి అని నాకు ఊరికే పేరొచ్చిందా? అయ్యే రోజు చెప్పను, దానికి కాస్త అవతలి రోజు చెబుతా. ఆ రోజుకి ఇచ్చేస్తా.”

“మరి అన్నీ ఒకేసారి మీద పడితే?”

“ఒకదాన్ని వెనక్కి తోసేస్తా. ఆలస్యం ఎలాగూ అయింది కదా, ఇక రోజైనా ఆలస్యమే, నెలైనా ఆలస్యమే. దాన్నే పట్టుకుని వేలాడితే వెనకున్నవన్నీ మునుగుతాయి. చివర్లో పడేశామనుకో, మిగతావన్నీ టైముకి వెళ్లిపోతాయి. ఎప్పుడైనా వచ్చి చూసుకో, ఈ షెడ్డులో ఆలస్యం ఒక్కటే.”

“ఎప్పుడూ ఒక్కటేనా?”

“ఒక్కటే.”

“ఎవరిదండీ ఆ ఒక్కటీ?”

“ఆ రెంచీ ఇలా అందుకో.”

“ఎవరిది?”

“తెలిసే అడుగుతావేం? పిండిమర వాడైతే గుమ్మంలో కూర్చుని అరుస్తాడు. ఐసు ఫ్యాక్టరీ వాడైతే ఇంకో షెడ్డుకి పోతాడు. మన పాప అరవదు కదా.”

“అరవదు. స్కూలుకెళ్లే పిల్లల్ని పిలిచి మరీ చెప్పేది. మీవి మోగే పట్టీలు, నాది ఇనప పట్టీ, అది కట్టుకుంటే నా మోకాలు వంగిపోదు, మా నాన్న చేస్తున్నాడు అని.”

“చేస్తూనే ఉన్నా. మోకాలి దగ్గర కీలు ఒక్కటే మిగిలింది. అదిగో, ఆ డబ్బా కింద.”

“దుమ్ము పట్టింది.”

“తుడిస్తే పోతుంది. సరే, ఇదిగో, మెషీన్ ఆపేశా. చాలా? ఐసు వాడు ఏమన్నా అనుకోనీ. ఇవాళ దీని తర్వాతే ఏదైనా.”

“ఆ కొలత వానలప్పటిది. పాప పొడుగైంది.”

“అయితే తీసుకురా, మళ్లీ కొలుస్తా. అరె, ఏడుస్తావెందుకే? సాయంత్రానికి ఇచ్చేస్తానంటున్నాగా. నేను మాటిస్తే...”

“పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం. మిమ్మల్నీ రమ్మన్నాను.”

“పిండిమర వాడి కప్పీ ఇవాళే ఇవ్వాలి. చెప్పాను కదా. ఏమన్నాడు?”

“మోకాలు వంగిపోయి అలాగే బిగుసుకుపోయిందట.”

“అంటే?”

“పట్టీ కట్టినా ఇక సాగదట.”

“ఇంకో డాక్టరుకి చూపిద్దాం. రేపే వెళదాం. నేనూ వస్తా.”

“ఇద్దరికి చూపించాను. అది డబ్బా కిందే ఉండనివ్వండి. కొత్త పని అన్నాను కదా. ఆస్పత్రి వాళ్లు పాత చక్రాల కుర్చీ ఒకటి ఇచ్చారు. ఇరుసు విరిగింది.”

“ఎక్కడుంది? తే. ఇప్పుడే చేస్తా.”

“తొందరేం లేదంది పాప. అందరివీ అయ్యాకే చెయ్యమంది.”